జేబులో పాట, కారులో స్పీకరు

కారు పదిహేనేళ్లు తిరుగుతుంది. పాటలు మోసుకుతిరిగే పరికరానికి అంత ఆయుష్షు ఎప్పుడూ లేదు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చింది. 1984లో అదే కంపెనీ చేతిలో ఇమిడే సీడీ ప్లేయర్ తెచ్చింది. 1998లో తొలి ఎంపీ3 ప్లేయర్లు, 2001 అక్టోబరులో ఐపాడ్, ఆ తర్వాత కొన్నేళ్లకే వీటన్నిటినీ మింగేసిన స్మార్ట్‌ఫోన్. డ్యాష్‌బోర్డులో బిగించిన స్టీరియో మాత్రం కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఏ కాలంలో ఉందో ఆ కాలంలోనే ఆగిపోతుంది. క్యాసెట్ డెక్కున్న కారు ఎంపీ3 ప్లేయర్ ఉన్నవాడి చేతికి వస్తుంది. సీడీ పెట్టే కారును ఫోను తప్ప మరేమీ లేనివాడు నడుపుతాడు. జేబులో ఉన్న పాటను కారు స్పీకర్లలో వినడమెలా అన్న ప్రశ్న నలభై ఏళ్లుగా తెగకపోవడానికి కారణం ఈ వయసుల తేడాయే.

ఈ నలభై ఏళ్లలో వచ్చిన దారులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ప్లేయరూ స్టీరియో ఒకదాని గురించి ఒకటి ఎంత తక్కువ తెలుసుకోవాల్సి వస్తే, ఆ రెంటి పొత్తు అన్నాళ్లు నిలిచింది. తెలివైన ఏర్పాట్లు ముందు పోయాయి, మొద్దువి మిగిలాయి.

ఏ పద్ధతినైనా తూచడానికి మూడు ప్రశ్నలు చాలు. శబ్దం ఏ దారిన చేరుతోంది? ప్లేయరుకు కరెంటు ఎక్కణ్నుంచి వస్తోంది? పాట మార్చే మీట ఎవరి చేతికి అందుతోంది? అమ్మేవాళ్లు మొదటిదాని గురించే మాట్లాడతారు. కొన్నాక విసిగించేవి మాత్రం మిగతా రెండూ.

ముందుగా క్యాసెట్ అడాప్టర్. చూడ్డానికి మామూలు క్యాసెట్టే, కాకపోతే అంచు నుంచి సన్నటి తీగ బయటికొచ్చి, దాని కొసన 3.5 మిల్లీమీటర్ల పిన్ను వేలాడుతుంటుంది. 1980ల చివర్లో అమెరికన్ ఇంజనీరు లారీ షాట్జ్ దీనికి పేటెంటు పొందాడు. లోపల టేపు ఉండదు. అసలు క్యాసెట్‌లోనైతే టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున డెక్కు హెడ్ ముందు నుంచి జారుతుంది, దాని మీది అయస్కాంత ముద్రలను హెడ్ విద్యుత్తుగా మారుస్తుంది. అడాప్టర్‌లో టేపు ఉండాల్సిన చోట ఇంకో హెడ్ ఉంటుంది, ఇది అదే పనిని తిరగేసి చేస్తుంది. ప్లేయర్ నుంచి వచ్చే కరెంటు హెచ్చుతగ్గులకు తగ్గట్టు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఎదురుగా ఆనుకుని ఉన్న డెక్కు హెడ్ ఎదురుగా ఉన్నది టేపేననుకుని చదివేస్తుంది. నాకు తెలిసి ఈ మొత్తం కథలో ఇంత చక్కటి మోసం మరొకటి లేదు. పాత స్టీరియోను విప్పనక్కర్లేదు, ఒక్క తీగా కొయ్యనక్కర్లేదు, దానికి కొత్తగా ఏమీ నేర్పనక్కర్లేదు.

శబ్దం కూడా ఊహించినంత నాసిగా ఉండదు. కదిలే టేపే లేదు కాబట్టి, అది సాగడం వల్లో చుట్టుకోవడం వల్లో వచ్చే వణుకు లేదు. టేపు హిస్సు తగ్గించే డాల్బీ మీట ఆపేస్తే పైస్థాయి స్వరాలు మరింత తేటగా వస్తాయి. చిక్కులు వేరేచోట ఉన్నాయి. రెండు హెడ్‌లూ సరిగ్గా ఎదురెదురుగా కూర్చోకపోతే తాళాల శబ్దం మొద్దుబారుతుంది, ఒక్కోసారి ఒక పక్క స్పీకరు మూగబోతుంది. టేపు తిరగడం లేదని గ్రహించిన డెక్కు క్యాసెట్‌ను బయటికి నెట్టేస్తుంది, లేదా అటుపక్కకు తిరగబోయి టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. దాన్ని నమ్మించడానికే అడాప్టర్ లోపల చిన్న పళ్లచక్రాలు పెట్టారు. అవి అరిగాక గిరగిరమనే చప్పుడు పాటతోపాటు వినిపిస్తుంది.

1990ల చివర్లో, 2000ల మొదట్లో అమెరికా యూనివర్సిటీలకు వెళ్లిన తెలుగు విద్యార్థులు నలుగురు కలిసి కొనుక్కున్న సెకండ్‌హ్యాండ్ కరోలాల్లో, సివిక్‌లలో ఈ అడాప్టర్ బాగా తిరిగింది. అక్కడి కార్లకు స్టీరియో ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చేది, దాన్ని పీకి కొత్తది పెట్టించాలంటే ఆ విద్యార్థుల నెల ఖర్చు కరిగిపోయేది. క్యాసెట్ డెక్కులూ అక్కడ చాలాకాలం బతికాయి. లెక్సస్ ఎస్‌సీ 430 కారులో 2010 మోడల్ దాకా డెక్కు ఉంది. ఇక్కడి కథ వేరు. మారుతి 800 రోజుల్లో కారు వేరు, సెట్టు వేరు. కారు షోరూములో కొని, టేపు సెట్టు బయట షాపులో పెట్టించుకునేవారు. డ్యాష్‌బోర్డులో సెట్టుకని వదిలే ఖాళీకి ఒక కొలత ఉంది, వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. జర్మన్ ప్రమాణం పేరుతో దాన్ని సింగిల్ డిన్ అంటారు. ఎత్తు రెట్టింపైతే డబుల్ డిన్. ఆ కొలత మారనంతకాలం క్యాసెట్ సెట్టు తీసి ఎంపీ3 సీడీ సెట్టు, అది తీసి యూఎస్‌బీ సెట్టు పెట్టుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలోనో విజయవాడ ఆటోనగర్లోనో అది పూటలో అయిపోయే పని. కాబట్టి అక్కడ అడాప్టర్లు బతికినంతగా ఇక్కడ బతకలేదు. ఇక్కడ జనం మధ్యలో అతుకు వేసే బదులు సెట్టునే మార్చేశారు.

సెట్టు మార్చేవాళ్లు ఒక్కటి తెలుసుకుంటే చాలా బాధలు తప్పుతాయి. సెట్టు వెనక పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండాల్సినది, గడియారాన్నీ స్టేషన్ల జ్ఞాపకాన్నీ నిలిపేది అదే. ఎరుపు తీగ తాళం తిప్పాకే కరెంటు తీసుకోవాలి. నలుపు ఎర్త్. ఎరుపునూ పసుపునూ కలిపి ఒకే చోట చుట్టేసే మెకానిక్కులు ఉన్నారు. అలా చుడితే వారం రోజులు కదలని కారులో బ్యాటరీ దిగిపోతుంది. కారు తీగలు కోయించకుండా, కారు సాకెట్టుకు నేరుగా తగిలే కప్లర్ అడిగి పెట్టించుకోవడం మేలు. కప్లర్ ఖరీదు తక్కువ, తీగలు కోశాక వారంటీ గురించి షోరూమువాళ్లతో పడే వాదన ఖరీదు ఎక్కువ.

క్యాసెట్ డెక్కు లేని పాత కార్లకు దొరికిన దారి ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్. సిగరెట్ లైటర్ సాకెట్టులో దూర్చే బుల్లి పరికరం ఇది, ప్లేయర్‌లోని పాటను ఎఫ్‌ఎం తరంగంగా మార్చి కారులోనే ప్రసారం చేస్తుంది. రేడియోను ఆ అంకె మీదికి తిప్పితే మన పాటే వినిపిస్తుంది. రేడియో ఉన్న ప్రతి కారులోనూ పనిచేస్తుందనేది దీని గొప్ప. ఆ ఒక్క గొప్ప కోసమే ఇంతకాలం భరించాం అనిపిస్తుంది నాకు.

దీని బలహీనత చట్టంలోనే ఉంది. పక్క కారు రేడియోలో దూరకూడదని ప్రభుత్వాలు దీని శక్తిని గట్టిగా కట్టేశాయి. బ్రిటన్‌లో 2006 డిసెంబరు దాకా వాడటమే నేరం. ఆ తర్వాత 50 నానోవాట్లకు అనుమతించారు, అంటే వాటులో రెండు కోట్లో వంతు. అమెరికాలోనూ పరిమితి చిన్నదే. అటువైపు రేడియో స్టేషన్ వేల వాట్లతో ప్రసారం చేస్తుంటుంది. ఎఫ్‌ఎం రిసీవరు రెండు తరంగాలను కలిపి వినిపించదు, ఏది బలంగా ఉంటే దాన్ని పట్టుకుని రెండోదాన్ని అణిచేస్తుంది. సంతలో మైకు పెట్టి అరిచేవాడి పక్కన నిలబడి చెవిలో గుసగుసలాడినట్టు ఉంటుంది మన ట్రాన్స్‌మిటర్ పరిస్థితి. పైగా యాంటెనా కారు కప్పు మీద, ఇనుప డొక్కుకు బయట ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ లోపల.

అందుకే ఖాళీ అంకె వెతుక్కోవాలి. అమెరికాలో 87.9 చాలా ఊళ్లలో ఖాళీగా ఉంటుంది. హైదరాబాద్‌లో 2006 తర్వాత వెతుకులాట కష్టమైపోయింది. 91.1, 92.7, 93.5, 98.3 ప్రైవేటు స్టేషన్లవి, 101.9 రెయిన్‌బో, 102.8 వివిధ భారతి. వీటి మధ్య ఎక్కడో సందు దొరికినా, విజయవాడ హైవే మీద నూటయాభై కిలోమీటర్లు పోయేసరికి అదే అంకెలో ఎవరో మాట్లాడుతుంటారు. చరణం మధ్యలో ప్రకటన దూరుతుంది. సందు దొరికినా ఎఫ్‌ఎం శబ్దానికి పుట్టుకతోనే ఒక కప్పు ఉంది. స్టీరియో గుర్తింపు కోసం 19 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఒక పైలట్ సంకేతం పంపాలి కాబట్టి పాటను 15 దగ్గరే కత్తిరిస్తారు. ఇవన్నీ తెలిసి కూడా ఎఫ్‌ఎం మీదే ఆధారపడాల్సినవాళ్లు మాడ్యులేటర్ పెట్టించుకోవచ్చు. అది గాలిలోకి వదలకుండా యాంటెనా తీగ మధ్యలోనే పాటను కలిపేస్తుంది. బయటి స్టేషన్లను తెంపేసే స్విచ్చు ఉన్న రకమైతే పోటీయే ఉండదు.

సీడీ కాలంలో డిక్కీలో పెట్టే ఆరు డిస్కుల ఛేంజర్, దాని కనెక్టరును ఏమార్చి పాటలు దూర్చే పెట్టెలు వచ్చాయి పోయాయి. వాటి గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు.

ఆక్స్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. స్టీరియో ముఖం మీద 3.5 మిల్లీమీటర్ల రంధ్రం, అటూ ఇటూ పిన్నులున్న తీగ, అంతే. కార్ల కంపెనీలు దీన్ని పెట్టడానికి ఎందుకంత ఆలస్యం చేశాయో అర్థం కాదు. హెడ్‌ఫోన్ జాక్ వాక్‌మన్ నాటికే ఉంది, కార్లలో ఆక్స్ మామూలైంది 2000ల నడిమి భాగంలో. అది వచ్చాక క్యాసెట్ అడాప్టర్, ట్రాన్స్‌మిటర్ రెండూ అవసరం లేనివయ్యాయి. ప్లేయర్ ఏ కంపెనీదో, ఏ ఏడాదిదో, అందులో ఏ రకం ఫైలుందో స్టీరియోకు అక్కర్లేదు. తీగలో వోల్టేజి ఊగుతుంటే చాలు.

ఆక్స్‌ను చాలామంది తప్పుగా వాడతారు. ఫోన్ వాల్యూమ్ సగంలో ఉంచి స్టీరియో వాల్యూమ్ పూర్తిగా పెంచుతారు. అప్పుడు పాటతోపాటు తీగలోని హిస్సు కూడా పెరుగుతుంది. పాట ఆపి రేడియోకు మారగానే చెవులు బద్దలవుతాయి. ఫోన్ వాల్యూమ్‌ను ఎనభై తొంభై శాతం దగ్గర నిలిపి, మిగతా హెచ్చుతగ్గులు స్టీరియో దగ్గర చేసుకోవాలి. మరీ నూరు శాతం పెడితే కొన్ని ఫోన్లలో శబ్దం చిట్లుతుంది.

రెండో సమస్య ఈల. ఆక్స్ తీగ పెట్టి, ఫోన్‌ను సిగరెట్ సాకెట్టులో ఛార్జింగుకు కూడా పెట్టగానే సన్నటి గీ శబ్దం మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే దాని స్థాయి పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. అది ఇంజను పక్కనుండే ఆల్టర్నేటర్ పాట. కారు నడుస్తున్నప్పుడు బ్యాటరీని ఛార్జి చేసే ఆ యంత్రం ఇచ్చే దాదాపు 14 వోల్టుల కరెంటు నున్నగా ఉండదు, చిన్నచిన్న అలలతో వస్తుంది. ఫోన్‌కు ఇప్పుడు ఎర్త్ రెండు దారుల్లో అందుతోంది, ఒకటి ఛార్జరు వైపు నుంచి, రెండోది ఆక్స్ తీగ మీదుగా స్టీరియో వైపు నుంచి. రెండూ కలిసి ఒక చుట్టు ఏర్పడి, ఆ అలలు చుట్టూ తిరిగి పాటలో కలుస్తాయి. పరీక్షించడం తేలిక, ఛార్జరు పీకండి. ఈల పోతే దోషం స్టీరియోది కాదు, ఆ చుట్టుది. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా ఆక్స్ తీగ మధ్యలో పెడితే తగ్గుతుంది. దాని లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, పాట అయస్కాంతం ద్వారా దాటుతుంది, ఎర్త్ దాటదు. చవకరకమైతే డోలు, బేస్ గిటారు కొంచెం బక్కచిక్కుతాయి. డబ్బు ఖర్చు పెట్టకుండా పోవాలంటే ఫోన్‌ను పవర్‌బ్యాంకు మీద ఛార్జి చేసుకోండి. చుట్టే ఉండదు.

మూడోది సమస్య కన్నా ఎక్కువగా వింత. పాట వస్తుంటుంది, వయొలిన్లు వినిపిస్తాయి, బాలు గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంటుంది, లేదా అసలే ఉండదు. పిన్ను పూర్తిగా దిగకపోవడమో, మైకు కోసం నాలుగు కట్లున్న పిన్ను మూడు కట్ల రంధ్రంలో సరిగ్గా కూర్చోకపోవడమో దీనికి కారణం. ఎర్త్ తెగితే స్పీకర్లకు ఎడమ, కుడి శబ్దాల మధ్య తేడా మాత్రమే అందుతుంది. సినిమా పాటల్లో గాయకుడి గొంతును రెండు వైపులా సమానంగా పెడతారు కాబట్టి ఆ తేడాలో అది కొట్టుకుపోతుంది. పిన్ను గట్టిగా నొక్కితే బాలు తిరిగివస్తాడు.

ఆక్స్‌కు ఉన్న నిజమైన లోపం మూడో ప్రశ్న దగ్గర. తీగ శబ్దాన్ని ఒక్కదాన్నే మోస్తుంది. స్టీరింగ్ మీది మీట నొక్కితే పాట మారదు, ఫోన్ చేతిలోకి తీసుకోవాల్సిందే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం బండి నడుపుతూ ఫోన్ చేతపట్టడాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చింది. మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా జైలు, లేదా రెండూ. 2020 అక్టోబరు నుంచి దారి చూసుకోవడానికి మాత్రం, అదీ ధ్యాస చెదరకుండా, మినహాయింపు ఉంది. పాట మార్చుకోవడానికి లేదు.

ఈ లోపాన్ని పూరించడానికి వచ్చిన తెలివైన ఏర్పాటే ఐపాడ్ కనెక్షన్. 2003లో ఆపిల్ తన ప్లేయరుకు ముప్పై పిన్నుల వెడల్పాటి కనెక్టరు పెట్టింది. శబ్దం, కరెంటు, అదుపు మూడూ ఒకే తీగలో వెళ్తాయి. 2004లో బీఎండబ్ల్యూ ఐపాడ్‌ను గ్లవ్ బాక్సులో పెట్టి స్టీరింగ్ మీటలతో నడిపే సదుపాయం తెచ్చింది. ఆ తర్వాత దాదాపు ప్రతి కంపెనీ ఆ బాట పట్టింది. నా మూడు ప్రశ్నలకూ పూర్తి మార్కులు తెచ్చుకున్న తొలి పద్ధతి ఇదే.

అదే అందరికన్నా తొందరగా చచ్చింది. తొలి ఐపాడ్‌లు ఫైర్‌వైర్ పిన్నుల ద్వారా 12 వోల్టులతో ఛార్జి అయ్యేవి, కారులో 12 వోల్టులే ఉంటాయి కాబట్టి చాలా కిట్లు ఆ పిన్నులనే వాడాయి. 2008లో ఐఫోన్ 3జీతో, అదే ఏడాది కొన్ని కొత్త ఐపాడ్‌లతో ఆపిల్ ఆ పిన్నుల ఛార్జింగు తీసేసింది. నాలుగేళ్ల వయసు కూడా లేని కార్లలో పాట వస్తుంది, ఛార్జింగు ఎక్కదు. 2012లో ముప్పై పిన్నులే పోయి లైట్నింగ్ వచ్చింది. 2023లో ఐఫోన్ 15తో లైట్నింగ్ పోయి యూఎస్‌బీ సీ వచ్చింది. ఐపాడ్ అమ్మకమే 2022లో ఆగిపోయింది. గ్లవ్ బాక్సులో ఆ వెడల్పాటి పిన్ను ఇంకా వేలాడుతున్న ఖరీదైన కార్లు ఎన్నో. అదే కార్లలో పక్కనున్న ఆక్స్ రంధ్రం మాత్రం ఇవాళ్టికీ పనిచేస్తుంది. ఫోన్ తెరను కారు తెర మీద చూపించడానికి నోకియా మొదలుపెట్టిన మిర్రర్‌లింక్‌దీ ఇదే దారి, అది ఇంకా తక్కువమందిని బాధపెట్టి పోయింది.

ఇటు తెలుగు నేల మీద పెన్‌డ్రైవ్ రాజ్యం నడిచింది, ఇంకా నడుస్తోంది. నిజానికి పెన్‌డ్రైవ్‌తో ప్లేయర్ ప్రశ్నే మాయమవుతుంది. పాటల సంచి మనది, వాయించే పని సెట్టుది. ఛార్జింగు గొడవ లేదు, మీటలన్నీ పనిచేస్తాయి, ఫోన్ మోగినా పాట ఆగదు. కార్లకన్నా ముందు లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు దీన్ని ఇంట్లోవాడిని చేసుకున్నాయి. యూఎస్‌బీ, మెమరీ కార్డు, ఎఫ్‌ఎం, బ్లూటూత్ అన్నీ ఒకే పచ్చ బోర్డు మీద ఉండే చైనా ముక్క కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, చిన్న రిమోటుతో సహా. పాడైన టేపు డెక్కు యాంప్లిఫయరుకు దాన్ని అతికి, బోర్డు ఓర్చుకునే వోల్టేజి చూసి బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తే ట్రాక్టరు మళ్లీ పాడుతుంది. దుక్కి దున్నుతూ వినే పాటకు ఇంతకన్నా గొప్ప ఇంజనీరింగ్ అక్కర్లేదు. పాటలు ఎక్కించి ఇచ్చే సెల్ షాపుల్లో చాలావాటికి ఆ పాటల మీద ఏ హక్కూ ఉండేది కాదన్నది వేరే సంగతి.

పెన్‌డ్రైవ్‌తో వచ్చే చిక్కులు చిన్నవే అయినా మనుషుల్ని తికమక పెడతాయి. సెట్టు చాలాసార్లు పాటలను అక్షర క్రమంలో పాడదు, కాపీ చేసిన క్రమంలో పాడుతుంది. క్రమం కావాలంటే పాటలన్నీ వరసలో మళ్లీ ఎక్కించాలి, పేర్ల ముందు 01, 02 అని పెట్టడం రెండో జాగ్రత్త. పాత సెట్లు ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో రాసిన డ్రైవులనే చదువుతాయి. 64 జీబీ కొత్త పెన్‌డ్రైవ్ షాపు నుంచి తరచూ ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తుంది, అందుకే పెట్టగానే ఏమీ లేదంటుంది సెట్టు. చిన్నది కొనుక్కోవడమే నయం. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి ఒక ఎంబీకి అటూఇటూ తూగుతుంది, ఆ లెక్కన 32 జీబీలో ఐదు నిమిషాల పాటలు ఆరు వేల పైచిలుకు పడతాయి. బండి నడుపుతూ ఆరు వేలలో ఒకటి వెతకడం ఎవరి తరం? ఆపిల్ కంప్యూటరు నుంచి కాపీ చేస్తే ప్రతి పాటకూ చుక్కతో మొదలయ్యే దెయ్యం ఫైలు ఒకటి తోడొస్తుంది, సెట్టు దాన్ని కూడా పాడబోయి నోరు వెళ్లబెడుతుంది. తెలుగు లిపిలో పాట పేరు రాస్తే తెర మీద గళ్లో ప్రశ్నార్థకాలో కనిపిస్తాయి, ఎందుకంటే సెట్టులో మన అక్షరాల ఫాంటే పెట్టరు. కోట్లమంది పాటలు వినే భాషకు కొన్ని కిలోబైట్ల చోటు ఇవ్వకపోవడం నాకెప్పుడూ కోపం తెప్పిస్తుంది.

ఎండ మాట కూడా చెప్పాలి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో అద్దాలు బిగించి నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు అరవై డిగ్రీలు సులువుగా దాటుతుంది. ఐఫోన్‌ను 45 డిగ్రీలు దాటే చోట ఉంచొద్దని ఆపిల్ చెబుతుంది. పాత ఫోన్‌ను పాటల కోసమని శాశ్వతంగా కారులో వదిలేసేవాళ్లు బ్యాటరీ ఉబ్బాక తెలుసుకుంటారు. బ్యాటరీ లేని పెన్‌డ్రైవ్‌కు ఆ భయం తక్కువ.

ఇక బ్లూటూత్. 1999లో ప్రమాణం, 2003లో స్టీరియో పాటల కోసం ఏ2డీపీ అనే ఒప్పందం వచ్చాయి. ఈ రెండో మాట ముఖ్యం. 2000ల చివరి కార్లు చాలావాటి మీద బ్లూటూత్ గుర్తు ఉంటుంది, ఫోన్ జత కూడుతుంది, మాట్లాడొచ్చు, కానీ పాట రాదు. వాటిలో ఉన్నది మాటల ఒప్పందం ఒక్కటే. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు ఆ గుర్తు చూసి మోసపోతుంటారు.

శబ్దం గురించి జరిగే వాదనలు నాకు కారులో అర్థం లేనివిగా కనిపిస్తాయి. బ్లూటూత్‌లో అందరికీ ఉమ్మడిగా ఉండే ఎస్‌బీసీ పద్ధతి మామూలుగా 328 కేబీపీఎస్ దాకా ఇస్తుంది. సోనీ ఎల్‌డ్యాక్ 990 దాకా పోతుంది. గదిలో మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే తేడా తెలియవచ్చు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు టైర్లు, గాలి, ఇంజను కలిసి 65, 70 డెసిబెల్స్ మోత పెడుతుంటాయి. ఆ మోతలో వినిపించేది స్పీకర్ల తేడా, తలుపు రేకు అదురు. ఎల్‌డ్యాక్ కోసం పెట్టే డబ్బు ముందు తలుపుల స్పీకర్లకు పెట్టడం న్యాయం.

బ్లూటూత్‌తో వచ్చే అసలు చికాకులు మర్యాదకు సంబంధించినవి. కారు ఎవరి ఫోన్‌ను ముందు గుర్తుపడితే వాళ్ల పాట మొదలవుతుంది, కారు ఇంటి ముందే ఉంటే ఇంట్లో కూర్చున్నవాళ్ల ఫోన్ కూడా అంటుకుంటుంది. అమ్మ చేసిన ఫోన్‌కాల్ కారంతా వింటుంది. అయినా తీగ లేకపోవడం, మీటలు పనిచేయడం, ఫోన్ జేబులోనే ఉండిపోవడం, ఈ మూడింటి ముందు ఇవి నిలవవు. 2016లో ఐఫోన్ 7 హెడ్‌ఫోన్ జాక్ తీసేసింది, మిగతావాళ్లు ఒక్కొక్కరే వెనక నడిచారు. బ్లూటూత్ గెలుపులో ఇది కూడా ఉంది, గెలిచింది సగం, గెలిపించింది సగం. జాక్ లేని ఫోన్‌కు యూఎస్‌బీ సీ నుంచి ఆక్స్‌కు మార్చే తోక కొనేటప్పుడు జాగ్రత్త. అందులో డిజిటల్ పాటను తీగలో ఊగే వోల్టేజిగా మార్చే డీఏసీ చిప్పు ఉన్నవి, లేనివి రెండు రకాలు. లేనివి కొన్ని ఫోన్లలోనే పాడతాయి, మిగతావాటిలో నోరు విప్పవు.

2014లో ఆపిల్ కార్‌ప్లే, 2015లో గూగుల్ ఆండ్రాయిడ్ ఆటో వచ్చాయి. ఇక్కడ కారు తన తెరను ఫోన్‌కు అద్దెకిస్తుంది. ఇంత తెలివి మీద నా అనుమానం సహజమే అయినా, ఈ ఏర్పాటు ముప్పై పిన్నుల కన్నా మెరుగు. తెలివంతా ఫోన్‌లో ఉంది, కారు తెర, స్పీకరు, వేలి స్పర్శ మాత్రమే ఇస్తోంది. ఫోన్ మారితే తెర మీది సరుకూ మారుతుంది, తెలుగు పేర్లు కూడా ఫోన్ ఫాంట్‌తో చక్కగా కనిపిస్తాయి. ఆ కారణానికే దీని ఆయుష్షు ఎక్కువ ఉండొచ్చు. ప్రమాదం కంపెనీల వైపు నుంచి ఉంది. టెస్లా కార్‌ప్లేను మొదట్నుంచీ దూరం పెట్టింది, 2023లో జనరల్ మోటార్స్ తన విద్యుత్ కార్లలో ఈ రెండింటినీ తీసేస్తానని చెప్పింది. పాట ఎక్కణ్నుంచి రావాలో కారు కంపెనీయే తేల్చే రోజులివి. తెర, ఏసీ మీటలు ఒకే పలకలో పోత పోసిన కార్లలో సెట్టు మార్చుకునే ఆ పాత స్వేచ్ఛ కూడా పోయింది.

పైగా ఇవాళ పాట ఫోన్‌లో కూడా ఉండదు, సిగ్నల్‌లో ఉంటుంది. శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటి నల్లమలలోకి దిగాక సిగ్నల్ తెగుతుంది, ఎంత గొప్ప తెరైనా గుండ్రంగా తిరిగే గుర్తు చూపిస్తూ కూర్చుంటుంది. ముందే దించి పెట్టుకున్న పాటలో పెన్‌డ్రైవో ఉండాల్సిన చోట్లు ఈ రెండు రాష్ట్రాల్లో ఇంకా చాలా ఉన్నాయి.

పాత కారు ఉన్నవాళ్లకు నా సలహా వరస ఇది. ఆక్స్ ఉంటే వేరే ఏదీ కొనకండి, కొన్ని వందల రూపాయల బ్లూటూత్ రిసీవర్ ఆ రంధ్రంలో పెడితే చాలు, ఈల వస్తే కరెంటు పవర్‌బ్యాంకు నుంచి ఇవ్వండి. ఆక్స్ లేక క్యాసెట్ డెక్కు ఉంటే అడాప్టర్, దానికి అదే రిసీవర్. రెండూ లేకపోయినా సింగిల్ డిన్ ఖాళీ ఉంటే సెట్టు మార్చేయండి. ట్రాన్స్‌మిటర్ చివరి మాట.

కొత్త కారు కొనేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు సొంత ఫోన్, దాని తీగ, పాటలున్న ఒక పెన్‌డ్రైవ్ జేబులో వేసుకెళ్లండి. కొన్ని కార్లలో రెండు మూడు యూఎస్‌బీ రంధ్రాలు ఉంటాయి, పాట చదివేది ఒక్కటే, మిగతావి ఛార్జింగువి. ఏది ఏదో సేల్స్‌మన్‌కు కూడా తెలియకపోవచ్చు, ఒక్కొక్కటే పెట్టి చూడండి. స్టీరింగ్ మీటతో పాట మార్చండి, తెలుగు పేరు తెర మీద ఎలా పడుతోందో చూడండి, ఫోన్‌లో డేటా ఆపేసి ఏమేం పనిచేయడం మానేస్తాయో చూడండి. సన్‌రూఫ్ తెరిచి మూసి చూపించడానికి ఆ అబ్బాయి తొందరపడుతుంటాడు, ఆగమనండి.